ఇల్లు ఖాళీ చేసే రోజుకు ఒక కాగితం కావాలి

తెలంగాణ ప్రభుత్వ పురపాలక పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

విషయం: అద్దె ఇళ్లలో కాపురాలు మారే సందర్భాన్ని క్రమబద్ధం చేయడం, అప్పగింత పత్రం, అడ్వాన్సు తిరిగి చెల్లించే గడువు గురించి.

గౌరవనీయులైన ముఖ్య కార్యదర్శి గారికి,

హైదరాబాదులో అద్దె ఇళ్ల మాట వచ్చినప్పుడల్లా చర్చ సాధారణంగా రెండు అంశాల దగ్గరే ఆగిపోతుంది: అద్దెలు ఏటేటా పెరగడం ఒకటి, మొండికేసిన అద్దెదారు చేత ఇల్లు ఖాళీ చేయించడం మరొకటి. ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసి మరో కుటుంబం దిగే దాకా పట్టే కాలం, ఆ నడుమ యజమాని పెట్టుకునే ఖర్చు, అడ్వాన్సులో కోతల మీద ఇరుపక్షాల మధ్య తలెత్తే తగవు అనే మూడో అంశం దాదాపు ప్రతి అద్దె ఇంట్లోనూ ఎదురయ్యేదే అయినా విధాన చర్చలోకి రాదు. అద్దెదారులు మారడం వల్ల వాటిల్లే నష్టంలో పెద్ద భాగం వారు వెళ్లిపోవడం వల్ల కాక, ఇంటిని అప్పగించడానికీ తిరిగి తీసుకోవడానికీ లిఖితపూర్వకమైన పద్ధతి లేకపోవడం వల్ల కలుగుతున్నదనీ, ఆ పద్ధతిని ఏర్పరచడం ప్రభుత్వానికి పెద్ద వ్యయం లేని పని అనీ ఈ లేఖ విన్నవిస్తున్నది.

అద్దె ఇంటి యజమాని అనగానే డజన్ల కొద్దీ ఫ్లాట్లున్న పెట్టుబడిదారు గుర్తుకు రావచ్చు గాని, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, యూసుఫ్‌గూడ నుంచి ఉప్పల్ దాకా వీధుల్లో కనిపించే యజమాని వేరు. నూట యాభై, రెండు వందల గజాల స్థలంలో రెండు మూడు అంతస్తులు వేసుకుని, ఒక అంతస్తులో తాను ఉంటూ మిగిలినవి అద్దెకిచ్చి, పింఛనుకు తోడుగానో పింఛనుకు బదులుగానో ఆ ఆదాయం మీద బతికే విశ్రాంత ఉద్యోగి, చిన్న వ్యాపారి, భర్త పోయిన ఇల్లాలు ఈ నగరానికి అద్దె ఇళ్లను సమకూరుస్తున్నారు. మరోపక్క అద్దెదారులలోనూ ఒక్కో ప్రాంతానికి ఒక్కో తీరు ఉన్నది: మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ ఉద్యోగం మారితే ఇల్లు మార్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అమీర్‌పేట, అశోక్‌నగర్ ప్రాంతాల్లో కోర్సు ముగియగానే లేదా పరీక్ష అయిపోగానే గది వదిలే విద్యార్థులు, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల దగ్గర పని ఉన్నన్నాళ్లే ఉండే కార్మికులు. 2020లో కరోనా కారణంగా ఇంటి నుంచే పని చేసే పద్ధతి వచ్చినప్పుడు ఐటీ కారిడార్ చుట్టుపక్కల ఇళ్లకు టూ-లెట్ బోర్డులు వేలాడటం, రెండేళ్ల తరువాత అవే ఇళ్లకు గిరాకీ పెరగడం నగరమంతా చూసిందే. అంటే ఇళ్లు మారడం ఈ నగర ఆర్థిక జీవనంలో అంతర్భాగం. దాన్ని ఆపడం సాధ్యం కాదు, ఆపవలసిన అవసరమూ లేదు.

అయితే ప్రతి మార్పుకూ ఒక వెల ఉన్నది, దాన్ని లెక్క వేసుకునే యజమానులు తక్కువ. ఉదాహరణకు నెలకు 18,000 రూపాయల అద్దె వచ్చే రెండు పడకగదుల ఇల్లు ఒక నెల ఖాళీగా ఉండి, రంగులకూ చిల్లర మరమ్మతులకూ 20,000, మధ్యవర్తికి సగం నెల అద్దె కింద 9,000 ఖర్చయిందనుకుంటే, ఒక్క మార్పుకు యజమాని నష్టపోయేది 47,000 రూపాయలు. ఇది ఏడాది అద్దె 2,16,000లో ఐదో వంతును మించుతుంది. పక్కింటి అద్దెతో పోల్చుకుని వెయ్యి రూపాయలు పెంచమని పట్టుబట్టి, సకాలంలో అద్దె కడుతూ ఇంటిని సొంత ఇంటిలా చూసుకునే కుటుంబాన్ని వదులుకున్న యజమానికి, కొత్త అద్దెదారు ఇచ్చే ఆ అదనపు వెయ్యితో 47,000 రాబట్టుకోవడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఆ కొత్త కుటుంబం ఏడాదికే ఖాళీ చేస్తే నష్టం మళ్లీ మొదటికి వస్తుంది. కనుక మంచి అద్దెదారును నిలుపుకోవడం కోసం పెంపును కొంత తగ్గించుకోవడం యజమాని చూపే ఉదారత కాదు, సొంత లాభం చూసుకునే లెక్కే. ఈ లెక్కలో ఖాళీ కాలమూ మరమ్మతుల ఖర్చూ ఎంత తగ్గితే యజమానికి అంత లాభం; ఆ రెండూ పెరిగేది చాలావరకు క్రమం లేని అప్పగింతల వల్లనే.

ఖాళీ కాలం ఎంత ఉంటుందన్నది ఏ నెలలో ఇల్లు ఖాళీ అయిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. తెలుగు కుటుంబాలు పిల్లల బడులు తెరిచే ముందు, అంటే మే నెలలోనో జూన్ మొదట్లోనో, ఇల్లు మారడానికి ఇష్టపడతాయి. ఆషాఢంలో కొత్త ఇంట పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు కనుక ఆ నెల మొదట్లో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ. పుష్యంలోనూ ఇదే పరిస్థితి. ఈ సంగతి యజమానులందరికీ తెలిసినదే అయినా, వారు రాయించుకునే ఒప్పందం దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. ఏడాదికి మించిన గడువు గల లీజును రిజిస్టరు చేయించడం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం తప్పనిసరి కావడంతో, ఆ ఖర్చునూ తిరుగుడునూ తప్పించుకోవడానికి స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం రాసుకోవడం ఆచారమైంది. జూన్ ఒకటిన మొదలైన 11 నెలల ఒప్పందం ఏప్రిల్ ఆఖరుకు ముగుస్తుంది. దాన్ని మరో 11 నెలలకు పొడిగిస్తే మార్చి ఆఖరుకు, ఇంకోసారి పొడిగిస్తే ఫిబ్రవరి ఆఖరుకు ముగుస్తుంది. ఈ విధంగా గడువు ఏటా ఒక నెల వెనక్కి జరుగుతూ, వేసవిలో ముగియవలసిన కాపురం నాలుగైదేళ్లకు బడులు నడుస్తున్న చలికాలానికి చేరుతుంది. అద్దెదారుకు ఇల్లు మారడం కష్టమైన కాలంలోనూ యజమానికి కొత్త కుటుంబం దొరకని కాలంలోనూ ఒప్పందం ముగియడం ఎవరికీ మేలు చేయదు.

చట్టం ఈ విషయంలో ఎంతవరకు ఆదుకుంటున్నదో చూడవలసి ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు సంక్రమించిన 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల భవనాలకు వర్తించదు. నేడు హైదరాబాదులో ఒక కుటుంబం ఉండదగిన ఇల్లు ఆ అద్దెకు దొరకడం అరుదు కనుక, నగరంలోని అద్దె ఇళ్లలో అత్యధిక భాగం ఆ చట్టం నీడ నుంచి ఎప్పుడో బయటపడ్డాయి. వాటికి మిగిలింది ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో మరో విధంగా లేకపోతే నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చునని ఆ చట్టం 106వ సెక్షను చెబుతుంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉన్నదో అదే స్థితిలో తిరిగి అప్పగించాలనీ, వాడుక వల్ల సహజంగా కలిగే అరుగుదలకూ మానవ ప్రయత్నంతో ఆపలేని విపత్తుల నష్టానికీ అద్దెదారు బాధ్యుడు కాడనీ 108వ సెక్షను చెబుతుంది. సూత్రం న్యాయమైనదే. కాని తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉన్నదో నమోదు చేయాలన్న నియమం ఎక్కడా లేదు. సహజమైన అరుగుదల ఎక్కడ ఆగి నష్టం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించే కొలత లేదు. అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగి ఇవ్వాలో చెప్పే వాక్యమూ లేదు.

ఈ లోపం ఇల్లు ఖాళీ చేసే రోజున బయటపడుతుంది. సామాను లారీకి ఎక్కిన తరువాత యజమాని ఖాళీ గదులలో తిరుగుతూ చూస్తే, హాలు గోడకు టీవీ బిగించిన చోట నాలుగు రంధ్రాలు, వంటింటి పలకల మీద జిడ్డు, స్నానాల గది గోడకు చెమ్మ, పని చేయని గీజరు, మూడు తాళంచెవులకు బదులు రెండు కనిపిస్తాయి. టీవీ రంధ్రాలు అద్దెదారు చేసినవే. చెమ్మ మాత్రం గోడలోని పైపు కారడం వల్ల వచ్చింది కావచ్చు, అప్పుడది యజమాని చేయించవలసిన మరమ్మతు అవుతుంది. గీజరు పన్నెండేళ్ల నాటిదైతే దాని ఆయువు ఎలాగూ తీరింది. ఏది ఎప్పటిదో తేల్చే కాగితం లేకపోవడంతో యజమాని అన్నిటినీ కలిపి ఒక నెల అద్దెను రంగుల ఖర్చు కింద కోసుకుంటానంటాడు, ఆ కోత జరుగుతుందని ముందే ఊహించిన అద్దెదారు చివరి నెల అద్దె కట్టకుండా అడ్వాన్సులో సర్దుకోమంటాడు. చివరి నెల కరెంటు వినియోగానికి బిల్లు అతను వెళ్లిపోయాక వస్తుంది, యజమాని దాన్ని కట్టి ఊరుకుంటాడు. వచ్చే అద్దెదారు దగ్గర ఆ యజమాని మరో నెల అడ్వాన్సు ఎక్కువ అడుగుతాడు, వెళ్లిన అద్దెదారు కొత్త యజమానిని మొదటి రోజు నుంచే అనుమానంతో చూస్తాడు. ఈ అపనమ్మకం ఒక కాపురం నుంచి మరో కాపురానికి అప్పులా బదిలీ అవుతూ పోతుంది.

రంగుల విషయం ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే అడ్వాన్సు తగవులలో తరచు వినిపించేది అదే. గోడల రంగుకు ఒక ఆయుఃప్రమాణం ఉన్నది. దాన్ని నాలుగేళ్లని ఇరుపక్షాలు ఒప్పుకుంటే, 20,000 రూపాయలతో వేయించిన రంగులో ఏటా 5,000 రూపాయల విలువ వాడుకతోనే తరిగిపోతుంది. మూడేళ్లు ఉండి వెళ్లిన కుటుంబం పిల్లలు గోడలన్నీ గీతలతో నింపినా, వారి నుంచి న్యాయంగా రాబట్టవలసినది మిగిలిన ఏడాది విలువ 5,000 మాత్రమే. ఆరు నెలలకే వెళ్లి గోడలు పాడుచేసినవారి నుంచి 17,500 కోరడం అన్యాయమూ కాదు. కాలంతో పాటు వస్తువు విలువ తగ్గించి లెక్కించే ఈ పద్ధతిని తరుగుదల అంటారు. వ్యాపార లెక్కలలో ఎంతోకాలంగా ఉన్న ఈ పద్ధతి అద్దె ఇంటి గోడ దగ్గరికి ఇంకా రాలేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఈ ఖాళీలలో కొన్నిటిని పూరిస్తుంది. నమూనా చట్టం అంటే రాష్ట్రాలు యథాతథంగానో మార్పులతోనో చేసుకోవడానికి వీలుగా కేంద్రం తయారుచేసిన ముసాయిదా. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప దానికి బలం రాదు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ, ఒప్పందం తప్పనిసరిగా లిఖితపూర్వకంగా ఉండి రెండు నెలల లోపు అద్దె ప్రాధికార సంస్థకు తెలియజేయాలనీ, ఖాళీ ఇంటిని స్వాధీనం చేసుకునేటప్పుడే న్యాయమైన కోతలు పోను అడ్వాన్సు తిరిగి ఇవ్వాలనీ, గడువు దాటినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె చెల్లించాలనీ అది నిర్దేశించింది. మరమ్మతులను కూడా రెండో షెడ్యూలులో పంచింది: కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు, కరెంటు వైరింగు యజమాని పని, కుళాయిలు, గీజరు, స్విచ్చులు, తలుపు గడియలూ తాళాలూ, కిటికీ అద్దాలు, మురుగు గొట్టాల శుభ్రత అద్దెదారు పని. ఒప్పందంలో వేరుగా రాసుకోనంత వరకు రంగులు యజమాని ఖర్చే అని దీని భావం. వివాదాలకు సివిలు కోర్టు బదులు అద్దె ప్రాధికార సంస్థ, అద్దె న్యాయస్థానం, అద్దె ట్రిబ్యునల్ అనే మూడంచెల ఏర్పాటును కూడా అది సూచించింది. ఈ దారిలో చట్టాలు సవరించుకున్నాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపిన తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఉన్నాయి. ఆ జాబితాలో తెలంగాణ లేదు.

నమూనా చట్టం కూడా అడ్వాన్సు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న జోలికి పోలేదు. తగవు వచ్చినప్పుడు డబ్బు ఒక పక్షం చేతిలోనే ఉంటే రెండో పక్షం ఎప్పుడూ అడిగే స్థానంలోనే నిలబడుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1977లోనే చట్టం చేసి, అద్దె ఇళ్ల అడ్వాన్సులను ప్రభుత్వ బోర్డు దగ్గర జమ చేయించే పద్ధతి తెచ్చింది. ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి చాలావరకు ప్రైవేటు నివాస గృహాల అడ్వాన్సును యజమాని గుర్తింపు పొందిన రక్షణ పథకంలో ఉంచడం తప్పనిసరి అయింది, కోతల మీద తగవు వస్తే ఆ పథకమే ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తుంది. అక్కడ దిగే రోజున ఇంటి స్థితిని ఫొటోలతో సహా నమోదు చేసిన పట్టిక లేని యజమాని తన కోతలను రుజువు చేసుకోవడం కష్టం. చదువులకూ ఉద్యోగాలకూ సిడ్నీకీ లండనుకూ వెళ్లిన తెలుగువారు ఎందరో ఈ పద్ధతులకు అలవాటు పడ్డారు. వారిలో హైదరాబాదులో ఫ్లాటు కొని అద్దెకిచ్చినవారు, ఇక్కడి అప్పగింతను మాత్రం వాచ్‌మన్ మాట మీదో బంధువు ఫోను మీదో నడిపించవలసి వస్తున్నది.

కాపురం మారినప్పుడు ప్రభుత్వ సేవలు కూడా వెంటనే మారవు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు అందుతున్నది, అద్దెదారులకూ అది వర్తిస్తుంది; కాని రేషన్ కార్డు ఒక కరెంటు కనెక్షను నంబరుతో ముడిపడి ఉంటుంది కనుక, వెళ్లిన కుటుంబం పేర ఉన్న అనుసంధానాన్ని మార్పించుకునే దాకా వచ్చిన కుటుంబానికి ఆ లబ్ధి అందడం కష్టం. అద్దెదారు గుర్తింపు వివరాల విషయంలోనూ ఇదే తీరు: యజమాని ఆధార్ జిరాక్సు తీసుకుని బీరువాలో పెట్టుకోవడమే పరిపాటి, ఆధార్ సంస్థే కల్పించిన నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గురించి అడిగేవారు తక్కువ. ఇల్లు ఖాళీ అయిన రోజున ఈ మార్పులన్నీ ఒకే నమోదుతో జరగడానికి సాంకేతికంగా అడ్డంకి లేదు.

యజమానుల వైపు నుంచి రాగల అభ్యంతరాలను కూడా ఇక్కడే పరిశీలించడం న్యాయం. ఒప్పందం నమోదు చేస్తే ఆదాయపు పన్ను శాఖ కన్ను పడుతుందన్న భయం మొదటిది. ఏడాదికి లక్ష రూపాయలకు మించి అద్దె చెల్లించే ఉద్యోగి ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరినప్పుడు యజమాని పాన్ నంబరు ఎలాగూ ఇవ్వవలసిందే. పైగా ఇంటి అద్దె ఆదాయంలో 30 శాతాన్ని ఖర్చుల కింద మినహాయించుకునే వీలు చట్టంలో ఉన్నది కనుక చిన్న యజమాని భయపడవలసినంత ఏమీ లేదు. నమోదు వల్ల అద్దెదారుకు పాతుకుపోయే హక్కు వస్తుందన్న అనుమానం రెండోది. పాత అద్దె నియంత్రణ చట్టాల కాలంలో పుట్టిన ఆ అనుమానం వల్లనే చాలామంది ఇంటికి తాళం వేసుకోవడానికైనా సిద్ధపడుతున్నారు, 2011 జనాభా లెక్కలలో దేశపు పట్టణాలలో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా తేలడానికి గల కారణాలలో అదీ ఒకటి. నిజానికి గడువు తేదీ రాతలో ఉండి, గడువు దాటితే రెట్టింపు అద్దె అనే నియమం ఉన్నప్పుడు యజమాని స్థానం బలపడుతుందే గాని బలహీనపడదు. ఇక కులం, మతం, ఆహారపు అలవాటు, పెళ్లి కాలేదన్న సాకుతో వచ్చినవారిని వచ్చినట్లే తిప్పి పంపే యజమాని, తన ఇంటి ఖాళీ కాలాన్ని తానే పొడిగించుకుంటున్నానని గ్రహించవలసి ఉన్నది; అద్దె సకాలంలో వస్తుందా, ఇల్లు బాగుంటుందా అన్న రెండు ప్రశ్నలకు ఆ వడపోతలు ఏ జవాబూ ఇవ్వవు.

ఈ కారణాల వల్ల శాఖ నాలుగు పనులు చేపట్టాలని ఈ లేఖ కోరుతున్నది. మొదటిది, చట్టం కోసం ఎదురుచూడకుండా వెంటనే చేయగలిగినది: తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషలలో ఒక నమూనా అప్పగింత పత్రాన్ని శాఖ విడుదల చేయాలి. గదుల వారీగా గోడలు, నేల, తలుపులు, కుళాయిలు, విద్యుత్ పరికరాల స్థితి, రంగు వేసిన నెల, గీజరు కొన్న సంవత్సరం, కరెంటు మీటరు రీడింగు, తాళంచెవుల సంఖ్య అందులో ఉండాలి. దిగే రోజునా ఖాళీ చేసే రోజునా ఇరుపక్షాలూ దాని మీద సంతకాలు చేసి ఫొటోలు జత చేసుకోవాలి. రెండోది, నమూనా అద్దె చట్టాన్ని రాష్ట్ర పరిస్థితులకు తగినట్లు చట్టంగా తేవాలి. అది ఇప్పటికే నడుస్తున్న ఒప్పందాలకు కాక రాబోయే వాటికే వర్తించేలా ఉంటే పాత తగవులు తిరగదోడవలసిన పని రాదు. మూడోది, ఆ చట్టంలో అడ్వాన్సు తిరిగి చెల్లింపునకు కచ్చితమైన గడువు, కోతలకు బిల్లుల రుజువు, రంగులకూ పరికరాలకూ తరుగుదల పట్టిక చేర్చి, తగవు ఉన్న మొత్తాన్ని మాత్రం తేలే దాకా అద్దె ప్రాధికార సంస్థ దగ్గర జమ చేసే వీలు కల్పించాలి. నాలుగోది, రెండు మూడేళ్ల నివాస ఒప్పందాలను ఆన్‌లైన్‌లో నామమాత్రపు రుసుముతో నమోదు చేసుకునే ఏర్పాటు చేసి, అదే నమోదుతో గృహజ్యోతి అనుసంధానమూ మారేలా చూడాలి. అప్పుడు 11 నెలల ఒప్పందానికి ఉన్న ఏకైక ఆకర్షణ పోయి, ఒప్పందాలు వేసవిలో మొదలై వేసవిలోనే ముగుస్తాయి.

ఈ నాలుగింటిలో మొదటి దానికి శాసనసభ ఆమోదం అక్కర్లేదు, కొత్త కార్యాలయమూ అక్కర్లేదు. శాఖ వెబ్‌సైటులో ఉంచి, కాలనీ సంక్షేమ సంఘాలకూ అపార్టుమెంటు సంఘాలకూ పంపిస్తే చాలు. రానున్న వేసవిలో ఇళ్లు మారే కాలం మొదలయ్యే లోపు ఆ పత్రం ప్రజల చేతికి అందేలా ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా, మిగిలిన మూడింటి మీద యజమానుల, అద్దెదారుల సంఘాలతో సంప్రదింపులు ప్రారంభించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
నగర అద్దె గృహాల శ్రేయోభిలాషి